ప్లీడరు వాకిట్లో ఆగిన పీరు

మా ఊరి పెద్దవీధిలో ప్లీడరు ఇంటివాళ్లు నా కాళ్లమీద ఒక బిందెడు నీళ్లు పోయాలి. ఆ నీళ్లు మొదట మా నాయనకు రావాల్సినవి. ఆయన వాటికోసం చూసి చూసి పోయాడు. ఇప్పుడు నేను చూస్తున్నాను. ఇంత చిన్న విషయాన్ని ఇన్నేళ్లు మనసులో పెట్టుకుంటారా అని నా భార్య అడుగుతుంది. అంత చిన్న విషయమే అయితే వాళ్లు ఎప్పుడో పోసేసి ఉండేవాళ్లు కదా అని నేను అంటాను.

మాది ధర్మవరం నుంచి కదిరి పోయే దారిలో లోపలికి ఉన్న పల్లె. మేము నేతవాళ్లం. ఇంట్లో గుంతమగ్గం, దానిమీద పట్టుచీర, దాన్ని కొనే ధర్మవరం సేటు. మా ఊళ్లో పీర్ల పండుగ, అంటే మొహర్రం, ఊరంతటిదీ. సాయిబుల ఇళ్లు తక్కువే. పీర్లను ఉంచే చావిడిని చూసుకునేది వాళ్లలో ఒక ఇల్లు. నిప్పుల గుండం తవ్వేది, కట్టెలు తెచ్చేది, తప్పెటలు కొట్టేది, మొక్కులు మొక్కేది మిగతా ఊరు. వెదురుకర్రకు కట్టిన ఇత్తడి హస్తం, దాని చుట్టూ పట్టుగుడ్డలు, పూలు. అదే పీరు. వాటిలో పెద్దపీరును ఎత్తుకునే హక్కు మా ఇంటిది. ఎప్పటినుంచి అంటే నాకు తెలియదు, మా తాతకు తెలియదు. మా మగ్గం మీద నేసిన పట్టు ముక్క ఏటా ఆ పీరుకు చుట్టేవాళ్లం.

పండుగ చివరి రోజు పొద్దున పీరు ఇల్లిల్లూ తిరుగుతుంది. ఎత్తుకున్న మనిషి ఒక్కపొద్దుతో, చెప్పులు లేకుండా నడుస్తాడు. ప్రతి ఇంటి ముందూ ఆగుతాడు. ఆ ఇంటి మనిషి బిందెతో వచ్చి అతని కాళ్లమీద నీళ్లు పోసి, నుదుటన ఊదు బూడిద పెట్టించుకుని, చక్కెరమీద ఫాతిహా చదివించుకుంటాడు. నీళ్లు పడ్డాకే పీరు కదలాలి. అది మా ఊరి కట్టుబాటు. మా ఎండలు తెలిసినవాళ్లకు ఆ నీళ్లు ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. అవి పీరుకు మర్యాద, మోసేవాడికి ప్రాణం.

నేను పుట్టాలని మా అవ్వ మొక్కుకున్నది కూడా పీరుకే. అందుకే నా పేరులో ముందు సగం ఫకీరుది, వెనక సగం మా ఇంటి దేవుడిది. ఆ పేరుతో నేను పడిన పాట్లు ఇంకొకరు పడి ఉండరు. గార్లదిన్నె దగ్గర బడిలో సోషల్ మాస్టరుగా చేరిన రోజు, హెడ్మాస్టరు నా కాగితాలు చూసి, శుక్రవారం మధ్యాహ్నం పర్మిషన్ కావాలా అని అడిగాడు. వద్దు సార్, మేము పద్మశాలీలం అన్నాను. ఆయన మొహంలో కనిపించింది సంతోషమో అనుమానమో నాకు ఇప్పటికీ తెలియదు. యాడికి అనే ఊరికి బదిలీ అయినప్పుడు, సరస్వతి పూజకు కొబ్బరికాయ కొట్టబోతే, ఒక తోటి మాస్టరు నా చేయి పట్టుకుని ఆపాడు. "మీరు ఉండండి సార్, మీకు ఏమిటికి ఇబ్బంది" అన్నాడు, మర్యాదగానే. ఆ మర్యాద నాకు గుర్తుంది. ఆ మనిషి వేసుకున్న చొక్కా రంగు కూడా గుర్తుంది.

అసలు విషయం నేను అనంతపురంలో డిగ్రీ చదివే రోజుల్లో జరిగింది. ప్లీడరు అప్పటికి నడివయసుకు రాలేదు. ధర్మవరం కోర్టుకు బస్సులో పోయి వచ్చేవాడు. దేవుడంటే ఆయనకు పెద్ద పట్టింపు ఉండేది కాదు. సిగరెట్టు తాగేవాడు, ఇంగ్లీషు పేపరు తెప్పించుకునేవాడు, వాళ్లమ్మ పూజ గంట కొడితే విసుక్కునేవాడు. ఆ ఏడు ఆయన ఇంటికి ఒక తెల్లాయన వచ్చాడు. జర్మనీ అన్నారు. బెంగళూరు వైపు ఏదో ఆశ్రమంలో ఉండి సంస్కృతం చదువుకున్నాడట. పంచె, మెడలో రుద్రాక్షలు, నుదుటన విభూతి. ప్లీడరుకు ఆయన ఎలా పరిచయమో తెలియదు. తెల్లాయన మాత్రం అరుగుమీద కుర్చీలో కూర్చుని ఉపనిషత్తుల శ్లోకాలు చదివితే, ప్లీడరు నేలమీద చాప వేసుకుని వినేవాడు. కొడుకు చాపమీద కూర్చోవడం చూసి వాళ్లమ్మ సంబరపడిపోయింది. "మా వానికి ఇన్నాళ్లకు బుద్ధి వచ్చె" అని వీధిలో అందరికీ చెప్పింది.

పీర్ల పండుగ చివరి రోజు కూడా ఆయన ఆ అరుగుమీదే ఉన్నాడు. మా నాయన పెద్దపీరుతో వచ్చి ప్లీడరు వాకిట్లో నిలబడ్డాడు. పక్కన ఊదు పళ్లెం పట్టుకుని నేను. ప్లీడరు తల్లి అప్పటికే నిండు బిందెతో గడపలో ఉంది. అప్పుడు తెల్లాయన ప్లీడరును ఇంగ్లీషులో అడిగాడు, వీళ్లు ముసల్మానులా అని. కాదు, హిందువులే అన్నాడు ప్లీడరు. తెల్లాయన మొహం చిన్నదైంది. ఉపనిషత్తులు పుట్టిన దేశంలో ఒక హిందువు ఇత్తడి చేయిని ఎత్తుకుని పరాయివాళ్ల చావులకు ఏడవడమా, మిమ్మల్ని ఏలినవాళ్లు మీకు అంటగట్టిన బానిసల అలవాటు ఇది, దీన్ని కడిగేసుకుంటే తప్ప మీరు ఒక జాతిగా నిలబడలేరు, అన్నాడు. నాకు అప్పటికి ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. ఆయన కోపంగా అనలేదు. బాధగా, మన మంచి కోరే మనిషిలాగా అన్నాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ప్లీడరు లేచి వాళ్లమ్మ దగ్గరికి వచ్చాడు.

"నువ్వు లోపలికి పోమ్మా."

"ఏమిటికిరా? పీరు ఎండలో నిలబడి ఉండాది."

"పొమ్మంటే పోవల్ల. ఆయన ముందర ఈ కత మనకు ఏమిటికి?"

ఆయన ముందర. ఆ రెండు మాటలు నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో. ఆ ఇల్లు ఎన్ని తరాలుగా నీళ్లు పోసిందో, ఆ తల్లి ఈ కొడుక్కి జ్వరం వస్తే ఏ పీరు దగ్గర ఊదు తెచ్చి నుదుటన పెట్టిందో, అన్నీ ఆ రెండు మాటల్లో కొట్టుకుపోయాయి. ఆమె బిందె గడపలోనే దించి లోపలికి పోయింది. మా నాయన నిలబడే ఉన్నాడు. తప్పెటలు ఆగాయి. ఆయన పాదాలు నేలమీద ఒకదాని తరువాత ఒకటి ఎత్తి పెట్టడం నేను చూశాను. నీళ్లు పడకుండా కదలకూడదు, నీళ్లు పడేట్టు లేవు. చాలాసేపటికి చావిడి సాయిబు, అంటే ఇప్పటి సాయిబు తండ్రి, తన చేతిలో ఉన్న చెంబులో నీళ్లు నాయన కాళ్లమీద గుమ్మరించి, "నడువప్పా" అన్నాడు. నాయన నడిచాడు.

ఇంటికి వచ్చాక మా అమ్మ అడిగింది. "పెద్దింటి కాడ అంతసేపు నిలబడిపోతివంట, ఏమైనాది?"

"ఏమీ ల్యా. వాళ్ల బావిలో నీళ్లు అయిపోయినాయి" అన్నాడు నాయన. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ ఏటా పీరుతో పోయి ఆ వాకిట్లో నిలబడ్డాడు. ఏటా గేటు మూసి ఉండేది. ఏటా సాయిబు చెంబే.

తెల్లాయన మూడోనాడే వెళ్లిపోయాడు. మళ్లీ మా ఊరికి రాలేదు. ఆయనకు మా ఊరి పేరు గుర్తుండి ఉంటుందని కూడా నేను అనుకోను. ప్లీడరు మాత్రం మారిపోయాడు. సిగరెట్టు మానేశాడు. బొట్టు పెట్టాడు. కుర్రవాళ్లను చేరదీసి ఒక సంఘం పెట్టాడు. ఆగస్టు పదిహేనుకు బడిలో జెండా ఎగరేసిన ప్రతిసారీ ఆయన ఉపన్యాసం ఒకటే: "మన దేశం ప్రపంచానికి గురువు. ఈ మాట నేను చెప్తాండేది కాదు. జర్మనీ పండితుడు మా ఇంట్లో కూర్చోని చెప్పినాడు."

నేను సోషల్ మాస్టరును. జాతీయోద్యమం పాఠం చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది. కానీ ఆ పాఠం నాకు అర్థమైంది పుస్తకంలో కాదు, ఆ వాకిట్లో. తెల్లవాడు మన దేశానికి రెండు నోళ్లతో వచ్చాడు. ఒక నోరు, మీవి రాళ్లకు మొక్కే మతాలు, మీరు పనికిరారు అంది. ఇంకొక నోరు, మీ పాత గ్రంథాలు అద్భుతం, మీరు ఆత్మజ్ఞానులు, మేమే మీ దగ్గర నేర్చుకోవాలి అంది. మొదటి నోటి దెబ్బ తిన్న చదువుకున్నవాళ్లు పరుగున పోయి రెండో నోటిని కౌగిలించుకున్నారు. సముద్రం అవతల చప్పట్లు పడ్డాకే మన సన్యాసులకు మన రైల్వేస్టేషన్లలో దండలు పడ్డాయి. ఆ గర్వంలోంచే జెండా వచ్చింది. ఆ గర్వం లేకపోతే తెల్లదొర ఇంత త్వరగా పోయేవాడు కాదేమో. ఈ మాట ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు, అయినా ఒప్పుకుంటున్నాను.

కానీ అది చుట్టం వస్తున్నాడని ఇల్లు సర్దుకున్నట్టు వచ్చిన గర్వం. చుట్టం కళ్లతో ఇంటిని చూసుకుని, ఆయనకు నచ్చేవి ముందుగదిలో పెట్టి, నచ్చనివి వెనక పాకలో పడేశారు. ఆ చుట్టం, మతం అంటే ఒక గ్రంథం, ఒక పేరు, చుట్టూ ఒక గోడ అనుకున్నాడు. నువ్వు హిందువా, ముసల్మానా, ఏదో ఒకటే చెప్పు అని జనాభా లెక్కల్లో ఇల్లిల్లూ తిరిగి అడిగించాడు. అంతవరకు మా ఊళ్లో ఆ ప్రశ్న ఎవరూ ఎవరినీ అలా అడగలేదు. మన పెద్దలు, మాకూ గ్రంథం ఉంది, మాకూ గోడ ఉంది, చూడండి అన్నారు. ఆ గోడ కట్టేటప్పుడు మా పీరు ఏ పక్కా పట్టలేదు. దాని గురించి ఏ ఉపనిషత్తులోనూ లేదు.

పిల్లలకు ఇదంతా చెప్పేవాడిని. పరీక్షలో రాదు సార్ అనేవాళ్లు.

నాయన పోయిన ఏడే ప్లీడరు సంఘం పీరు పెద్దవీధికి రాకుండా చేసింది. శాంతిభద్రతలు అన్నారు. మా ఊళ్లో పీరు మీద ఒక బెడ్డ విసిరినవాడు లేడు. శాంతికి ఎవరు అడ్డమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఏడే పీరు నా భుజానికి వచ్చింది. నాకు వచ్చింది వెనకవీధుల పీరు. నేను అర్జీలు పెట్టాను. ఎవరికి పెట్టాలో వాళ్లందరికీ పెట్టాను. అర్జీలు తీసుకునే చోట నన్ను చూడగానే గుమాస్తా "వస్తాండాడప్పా పీర్ల అయివారు" అని పక్కవాడికి చెప్పేవాడు. ఒకసారి ఒక అధికారి కొంచెం ఓపికగానే చదివి, "హిందువులు మీకు అడ్డం పడ్డారని ఫిర్యాదా, ముసల్మానులు మీకు హక్కు ఇవ్వలేదని ఫిర్యాదా?" అని అడిగాడు. రెండూ కాదు సార్, ప్లీడరు ఇంట్లో నీళ్లు పోయాలి అన్నాను. ఆయన నా వంక చూసి, కాగితం మడిచి నా చేతికే ఇచ్చాడు.

ఇంకో వైపు కూడా అదే జరుగుతోంది. చావిడి సాయిబు నాకంటే చిన్నవాడు. చిన్నప్పటినుంచి నన్ను అన్నా అంటాడు. ఆయన కొడుకు కదిరిలో సెల్ ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు. తెలివైనవాడు, చెడ్డ అలవాట్లు లేవు. ఫోనులో ఎవరెవరో పెద్దవాళ్ల ఉపన్యాసాలు వింటాడు. ఒకరోజు నేను చావిడి దగ్గర కూర్చుని ఉండగానే తండ్రితో తగువు పెట్టుకున్నాడు.

"అబ్బా, ఈ ఇత్తడికి మొక్కేది మన దీన్‌లో యాడ రాసుండాది? చూపీ."

"మీ జేజినాయన చేసినాడు, వాళ్ల నాయన చేసినాడు. రాయల్లనా?"

"ఆయప్పలకు చదువు ల్యా. మనల్ని చూసి ప్రపంచమంతా నవ్వుతాండారు. ఒకపక్క వాళ్లు టెర్రరిస్టులంటారు, ఇంకోపక్క మనం ఇట్ల కట్టెలకు మొక్కుతాంటే."

నేను ఊరుకోలేక అన్నాను. "ఏమప్పా, ప్లీడరు గుడక నలభై ఏండ్ల కింద ఇదే మాట అనె. ఇది మన దాంట్లో లేదు అనె."

వాడు నా వైపు తిరిగాడు. "పెద్దాయనా, నువ్వు మంచోనివే. నిన్ను అంటాండేది కాదు. కానీ నేను ఈ ఊర్లో కొట్టు పెట్టుకుంటానంటే పెద్దవీధిలో ఒక్కడన్నా గది బాడుగకు ఇచ్చినాడా? ఏడాదికి ఒకదినం మా నాయన చేత ఊదు పెట్టించుకోని, అన్నదమ్ములం అంటారు. మిగతా దినాలు మేం ఎవురం?"

సాయిబు చావిడి గోడకు తల ఆనించి కూర్చున్నాడు. ఆ కుర్రవాడు చెప్పింది అబద్ధం కాదు కాబట్టే నాకు ఎక్కువ కోపం వచ్చింది. వాడి ఉపన్యాసకులు ఎవరికి భయపడి ఇల్లు ఊడుస్తున్నారో, ప్లీడరు ఎవరికి భయపడి ఊడ్చాడో ఇద్దరూ ఒకరే. బయటివాడు ఎక్కడినుంచో చూస్తుంటాడని, నవ్వుతాడని.

ఈమధ్య ఏళ్లలో ఇంకొక తెల్లావిడ వచ్చింది. ఏదో దేశంలో యూనివర్సిటీలో చదువు చెబుతుందట. కదిరి గుడికి ముసల్మానులు కూడా వస్తారని విని, చూడటానికి వచ్చింది. కదిరి నుంచి మా ఊరు. మా ఊళ్లో తెల్లవాళ్లు దిగేది ఒకే ఇల్లు, ప్లీడరుది. ఆమెతో కెమెరా పట్టుకున్న మనిషి కూడా ఉన్నాడు. ఎవరో పీరు సంగతి చెప్పారు. ఆమె ఎగిరి గంతేసిందట. ప్రపంచమంతా మతాల పేరుతో కొట్టుకు చస్తుంటే మీ ఊరు చూడండి, అసలైన ఇండియా ఇదే, దీన్ని చూసి ప్రపంచం నేర్చుకోవాలి అందట.

మర్నాడు పొద్దున ప్లీడరు మా ఇంటికి వచ్చాడు. నా జన్మలో ఆయన మా గడప తొక్కింది అదే మొదలు. చేతికర్ర, తెల్లటి జుబ్బా. మగ్గం గుంత పక్కన కుర్చీ వేశాను.

"ఏమప్పా అయివారా, బాగుండావా?"

"ఉండాను."

"ఈ తూరి పెద్దపీరు మన వీధికి తేవల్ల. సంఘమోళ్లకు నేను చెప్పినా. ఆయమ్మకు పాత కుటుంబమే ఎత్తుకోవల్లంట. నువ్వే ఎత్తుకోవల్ల."

"మీ వీధికి తెస్తే శాంతిభద్రతలు ఏమైతాయి?"

ఆయన నవ్వాడు. వినపడనట్టు ఉండటం ప్లీడర్లకు బాగా తెలుసు. "చూడప్పా, అన్నిటినీ తనలో కలుపుకునేది మన ధర్మం గొప్పతనం. ఇది మనం అంటాండేది కాదు, ఆయమ్మే అంటాండాది."

"మా నాయన కాలంలో జర్మనీ ఆయన వేరే అనెనే."

"ఆయన వేరు, ఈయమ్మ వేరు. కాలం మారింది."

"సరే. పీరు తెస్తా. మీ వాకిట్లో ఆగుతా. మీ చేత్తో నీళ్లు పోయల్ల."

"దానిదేముందిలే" అన్నాడు ప్లీడరు, లేస్తూ.

దానిదేముందిలే అన్నమాట ఒప్పుకోలు కాదని నాకు తెలుసు. నేను రానని చెప్పాలనే అనుకున్నాను. తెల్లాయన వద్దంటే పోయిన మర్యాద, తెల్లావిడ ముద్దంటే రావాలా? మా నాయన పాదాలకు విలువ కట్టడానికి ప్రతిసారీ ఒక విమానం దిగాలా? సాయంత్రం సాయిబుతో ఇదే అన్నాను. ఆయన చావిడిలో ఇత్తడికి చింతపండు రుద్దుతున్నాడు.

"ఎత్తుకోన్నా" అన్నాడు.

"నాకు మానం ల్యా అనుకుంటివా?"

"నీ మానం సంగతి నాకు తెల్దు. వచ్చే ఏడు చావిడి బీగం నా చేతిలో ఉండదు. ఇంక తెరవనని పిల్లోనికి మాట ఇచ్చినా. ఇదే కడ. ఆ సంఘమోళ్లలో ఎవుడో ఎత్తుకుంటే నేను చూడలేను."

అందుకని ఎత్తుకున్నాను.

పండుగ పొద్దున పెద్దవీధి మొగదలకు వచ్చేసరికి నాకు నాయన మీద కోపం వచ్చింది. ఇంత బరువు ఉంటుందని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. వెనకవీధుల్లో పీరు బరువు వేరు. ఇక్కడ ప్రతి అరుగు మీదా జనం, ఫోన్లు పైకెత్తి పట్టుకుని. ఇన్నాళ్లు గేట్లు వేసుకున్న ఇళ్లన్నీ బిందెలతో బయట ఉన్నాయి. నీళ్లు పోస్తున్నారు, ఊదు పెట్టించుకుంటున్నారు, కెమెరా ఎటుందో చూసుకుంటున్నారు. ఒక ఇంటామె నీళ్లు పోసి, సరిగా పడలేదని కెమెరా ఆయన చెబితే మళ్లీ పోసింది. నా కాళ్లు నానిపోయాయి. సంఘంలో ఒకడు నా మెడలో కాషాయం కండువా వేయబోయాడు. పీరు దించేస్తానన్నాను. తీసేశాడు.

ప్లీడరు వాకిట్లో ఆగాను. ఆయన గడపలో చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. పక్కన నిండు ఇత్తడి బిందె. తప్పెటలు నెమ్మదించాయి. వీధి అంతా చూస్తోంది. అప్పుడు ఆయన వంగలేదు. పక్కకు తిరిగి, ఎంతో మర్యాదగా, తెల్లావిడకు బిందె చూపించాడు. "మేడం, ప్లీజ్."

ఆమె మొహం వెలిగిపోయింది. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, బిందె తీసుకుని నా కాళ్లమీద పోసింది. బిందెడూ పోసింది. తరువాత వంగి, తడిసిన నా పాదాలను రెండు చేతులతో ముట్టుకుని కళ్లకు అద్దుకుంది. ఆమె ఏడుస్తోంది. ఆమెను తప్పు పట్టడానికి నేను చాలా ప్రయత్నించాను, ఇప్పటికీ కుదరలేదు. వీధి అంతా చప్పట్లు కొట్టింది. తప్పెటలు జోరందుకున్నాయి.

నేను కదల్లేదు.

"నడువప్పా" అన్నాడు ప్లీడరు.

"నీ చేత్తో పోయల్ల."

"ఇంకేం కావల్లప్పా నీకు? ఫారినామే పోసింది కదా!"

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. "నడుము పట్టేసింది, వంగేకి కాదు" అని అందరికీ వినపడేట్టు చెప్పాడు. యోగా దినం రోజు బడి పిల్లల ముందు పద్మాసనం వేసి, తల నేలకు ఆనించి, చప్పట్లు కొట్టించుకున్న మనిషి. తెల్లావిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ, ఏం జరుగుతోంది అని కెమెరా ఆయన్ని అడిగింది. ఆయన, ఇది ఆచారంలో భాగం అన్నాడు.

పీరు నా భుజం మీద ఒరిగింది. సాయిబు వచ్చి కర్రకు చేయి పట్టాడు.

"అన్నా, నీళ్లు పడినాయి. పీరు కదలల్ల."

"నా నీళ్లు పడలేదు."

"నీ నీళ్లు, మీ నాయన నీళ్లు. ఇది నా కడా పండగన్నా. జలధికి పొద్దు పోతాండాది."

నేను నడిచాను. నా ఇష్టంతో నడవలేదని ఇక్కడ రాసిపెడుతున్నాను. సాయిబు కోసం నడిచాను. తెల్లావిడ కారు మధ్యాహ్నమే బెంగళూరుకు పోయింది. పీర్లను జలధికి తీసుకుపోయేటప్పుడు, అంటే చివరగా మొహాలు కప్పి, కడగడానికి వంకకు తీసుకుపోయేటప్పుడు, పెద్దవీధివాళ్లు ఒక్కరూ రాలేదు. వంకలో నీళ్లు లేవు. డ్రమ్ములో ట్రాక్టరు మీద తెచ్చిన నీళ్లతో కడిగాం. సాయిబు ఇత్తడి హస్తం తుడిచి గుడ్డలో చుడుతూ, పైకే ఏడ్చాడు. పీర్లను సాగనంపే ఏడుపు అనుకున్నారు మిగతావాళ్లు.

ఆ ఫొటో ఇప్పుడు చాలాచోట్ల ఉంది. తెల్లావిడ వంగి ఉంటుంది, నా పాదాలు ఉంటాయి, వెనక ప్లీడరు చేతులు జోడించి ఉంటాడు. నా మొహం లేదు. పీరు కూడా సగానికి తెగింది. జెండా పండుగకు ప్లీడరు ఉపన్యాసంలో ఇప్పుడు జర్మనీ పండితుడి పక్కన ఈమె కూడా చేరింది. బడి గోడమీద ఆ ఫొటో పెద్దది చేసి అంటించారు, కింద దేశం గొప్పతనం గురించి ఒక వాక్యం.

సాయిబు కొడుక్కి ఇచ్చిన మాట నిలుపుకున్నాడు. ఈ ఏడు చావిడి తెరవలేదు. గుండం తవ్వలేదు. సంఘం వాళ్లు కూడా అడగలేదు, ఎవరూ రావడం లేదు కదా ఫొటో తీయడానికి. పండుగ చివరి రోజు పొద్దున నేను స్నానం చేశాను. ఒక్కపొద్దు ఉన్నాను. నా భార్య తలుపు దగ్గరున్న నా చెప్పులు తీసి లోపల పెట్టింది. ఖాళీ చేతులతో పెద్దవీధికి పోయి ప్లీడరు వాకిట్లో నిలబడ్డాను.

గేటు తీసే ఉంది. కొత్తగా వచ్చిన చిన్నకోడలు ముగ్గు పక్కన నిలబడి ఫోను మాట్లాడుతోంది. నన్ను చూసి ఆపింది.

"ఎవరు కావాలండీ?" కోస్తా పిల్ల అనుకుంటాను.

"ప్లీడరప్ప."

"మామయ్యగారు ప్రాణాయామంలో ఉన్నారు. కూర్చుంటారా?"

"నిలబడతా."

ఎండ అప్పుడే ఎక్కుతోంది. నేను పాదాలు మార్చి మార్చి పెట్టడం ఆమె చూసింది. పాపం, లోపలికి పోయి స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చింది. తీసుకోలేదు. ఆమె గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. లోపలి నుంచి ప్లీడరు గొంతు వినపడింది.

"ఎవరదీ?"

"ఎవరో పెద్దాయన మామయ్యగారూ. చెప్పులు కూడా లేవు. నీళ్లిస్తే వద్దంటున్నారు."

చెప్పులు లేవన్న మాటకే నన్ను పోల్చుకున్నాడని నాకు తెలిసింది.

"బయట ఎవరన్నా ఉండారా, చూస్తాండేవాళ్లు?" అని అడిగాడు.

ఆమె వీధి అటు చివర, ఇటు చివర చూసింది.

"ఎవరూ లేరండీ" అంది.

"అయితే గేటు వేసి రామ్మా."